చేతులు లేని మార్క్స్, గిన్నెలు తోమని నేను

జర్మనీలో నాకు అందిన మొదటి ఉత్తరంలో ఒకే ఒక్క మాట ఉంది. పసుపుపచ్చ చీటీ మీద నీలం సిరాతో రాసి వంటగది సింకు పైన అంటించారు: ‘డైన్స్?’ ఫోనులో వెతికితే అర్థం తెలిసింది. ‘నీదా?’ అని. పక్కన చిన్న నవ్వు బొమ్మ. చీటీ కింద, సింకులో, నా పళ్ళెం. రెండు రోజుల కిందట పులిహోర తిన్న పళ్ళెం. మెతుకులు ఎండిపోయి, గోరుతో గీకినా ఊడనంతగా బిగుసుకున్నాయి.

నాదే. తిన్నాక సింకులో పెట్టి గదిలోకి వెళ్ళిపోయాను. బద్ధకించి కాదు, తరవాత కడుగుదాంలే అనుకుని కూడా కాదు. దాని సంగతి నాకు తట్టనే లేదు. ఇరవై రెండేళ్ళుగా నా చేయి నేర్చుకున్న పని అంతవరకే: తిన్న పళ్ళెం సింకులో పెట్టడం. మళ్ళీ ఆకలి వేసే వేళకు అది తళతళలాడుతూ బుట్టలో బోర్లించి ఉండేది. ఆ మధ్యలో ఏం జరిగేదో నేను ఎప్పుడూ చూడలేదు.

బీటెక్ నాలుగేళ్ళు హైదరాబాదులో హాస్టల్లో ఉన్నావు కదా, అక్కడైనా నేర్చుకోలేదా అని అడగవచ్చు. హాస్టలుకు మెస్సు ఉంది, మెస్సులో మనుషులున్నారు. ఇక విడిచిన బట్టలు నెలకు రెండు శనివారాలు నాతోపాటే ఖమ్మం బస్సెక్కేవి. ఆదివారం సాయంత్రం మడతలు పడి తిరిగొచ్చేవి.

విదేశంలో మొదటి రోజుల గురించి మనవాళ్ళు చెప్పుకునేది రెండు రకాలుగా ఉంటుంది. ఒకటి జాబితా. ఇరవై మూడేసి కిలోలు మించకుండా రెండు పెట్టెలు, కుక్కరు, కారం, పచ్చడి డబ్బాకు మూడు పొరల కవరు, ధ్రువపత్రాల నకళ్ళు, డజన్ల కొద్దీ ఫోటోలు. ఈ జాబితాలను నేను వెక్కిరించను. నెయ్యి, కోవా లాంటి పాల పదార్థాలను బయటి దేశాల నుంచి యూరోపియన్ యూనియన్‌లోకి తేకూడదని నాకు వాటివల్లే తెలిసింది; లేకపోతే అమ్మ కాచిన కిలో నెయ్యి ఫ్రాంక్‌ఫర్ట్ విమానాశ్రయం చెత్తబుట్టలో పడేది. రెండో రకం కన్నీళ్ళు. విమానం కిటికీ, మొదటి రాత్రి, మొదటి చలి, అమ్మ చేతి ముద్ద. నా తగవు ఈ రెండో దానితో. ఎందుకంటే ఆ కన్నీళ్ళు నేనూ కార్చాను, చాలా రోజుల తరవాత అవి దేనికోసమో లెక్క చూసుకున్నాను. అందులో సగానికి పైగా అమ్మ కోసం కాదు. అమ్మ చేసే చాకిరీ కోసం.

మాస్టర్స్ చదవడానికి నేను జర్మనీ తూర్పు భాగంలోని కెమ్నిట్స్‌లో దిగింది 2023 సెప్టెంబరు 30, శనివారం రాత్రి. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి లైప్‌జిగ్ దాకా వేగంగా వచ్చిన ప్రయాణం అక్కడి నుంచి డీజిల్ రైల్లో గంటసేపు ఈడ్చుకుంటూ సాగింది. ఊరి పేరును అప్పటిదాకా ‘చెమ్నిట్జ్’ అని పలికాను. రైల్లో పక్కన కూర్చున్న పెద్దావిడ మూడుసార్లు విని, చివరికి నా టిక్కెట్టు చూసి, ‘కెమ్నిట్స్’ అని ఓపికగా సరిదిద్దింది. స్టేషన్లో ఒక వింత చూశాను. రైలు ప్లాట్‌ఫారాల మధ్యకే, ఆ కప్పు కిందికే, ట్రాములు వచ్చి ఆగుతున్నాయి. రెండు పెట్టెలతో మెట్లెక్కి దిగే బాధ లేకుండా ట్రాము ఎక్కేశాను. ఇంత ఆలోచించి కట్టిన దేశంలో నాకేం లోటు అనుకున్నాను.

తెల్లవారితే ఆదివారం. దుకాణాలన్నీ మూత. సోమవారం తెరిచారు, నేను బియ్యం కొనుక్కుని, అమ్మ కలిపి ఇచ్చిన పులిహోర గుజ్జుతో ఆ చారిత్రాత్మక పళ్ళెం తిన్నాను. మంగళవారం అక్టోబరు 3, రెండు జర్మనీలు ఒకటైన రోజు, జాతీయ సెలవు, మళ్ళీ మూత. మూడు రోజుల్లో రెండు రోజులు చెగోడీల మీద బతికాను. ఫోనులో ఈ సంగతి చెబితే అమ్మ “ఆకలి వేస్తే జనం ఏం చేస్తారు నాన్నా అక్కడ?” అని నిజంగానే ఆశ్చర్యపోయింది. ముందు రోజే కొని పెట్టుకుంటారు. స్టేషనులో కొట్లు, పెట్రోలు బంకులు, పొద్దున కాసేపు రొట్టెల దుకాణాలు తెరిచి ఉంటాయి. కానీ ఆ ముందుచూపు నాకెక్కడిది? మా ఇంట్లో పప్పు అయిపోవడం నేను ఎన్నడూ చూడలేదు. అయిపోకముందే కనిపెట్టే మనిషి ఒకరు ఉండేవారు.

కాగితాల సంగతి త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే అందరూ భయపెట్టింది దాని గురించే, నాకు అన్నిటికంటే తేలికైందీ అదే. ఇంట్లో దిగిన రెండు వారాల్లోగా పౌరసేవల కార్యాలయానికి వెళ్ళి చిరునామా నమోదు చేయించుకోవాలి. దీన్ని ఆన్‌మెల్డుంగ్ అంటారు. ఆ ఇంట్లో ఉంటున్నామని యజమాని రాసిచ్చిన పత్రం వెంట ఉండాలి. ఆ నమోదు కాగితం చేతికి వస్తే పన్ను సంఖ్య పోస్టులో వస్తుంది, బ్యాంకు పని కదులుతుంది, ఆరోగ్య బీమా నడుస్తుంది. ఇక ష్పెర్‌కొంటో. ఏడాది ఖర్చుకు సరిపడా సొమ్మును ముందుగానే ఒక ఖాతాలో వేసి బంధించాలి, అందులోంచి నెలకింత చొప్పున మాత్రమే చేతికి వదులుతారు. నేను వచ్చిన ఏడాది అది 11,208 యూరోలు, అంటే నెలకు 934. 2024 సెప్టెంబరు నుంచి 11,904కు పెంచారు. నాకు కట్టింది మన లెక్కలో సుమారు పది లక్షలు. నాన్న అప్పు తెచ్చి కట్టారు. ఆ పది లక్షల సంగతి మా బంధువులందరికీ తెలుసు.

ఈ తిరుగుడంతా మనకు కొత్త కాదు. ఫారం నింపడం, జిరాక్సు తీయించడం, కిటికీ ముందు నిలబడటం కులధ్రువపత్రం రోజుల నుంచే అలవాటు. నేను తప్పింది అక్కడ కాదు, సింకు దగ్గర.

విద్యార్థి వసతిగృహంలో మా వాటాలో నలుగురం. ఎర్ట్స్‌గెబిర్గె కొండల్లోని పల్లె నుంచి వచ్చిన జర్మన్ కుర్రవాడు, ఒక మెక్సికో అమ్మాయి, ఒక చైనా అబ్బాయి, నేను. ఫ్రిజ్ తలుపు మీద రెండు అట్టముక్కల చక్రం ఉండేది. లోపలి వలయంలో నాలుగు పేర్లు, బయటి వలయంలో నాలుగు పనులు: వంటగది, స్నానాలగది, చెత్త, నేల. ప్రతి ఆదివారం సాయంత్రం ఎవరో ఒకరు ఒక గడి తిప్పుతారు. దాని పేరు పుట్స్‌ప్లాన్. నా పేరు అప్పటికే రాసి పెట్టారు. అక్షరాలు కూడా తప్పు పోలేదు. నన్ను అంత లాంఛనంగా స్వాగతించిన కాగితం విశ్వవిద్యాలయం కూడా పంపలేదు. నేను మాత్రం దాన్ని ఏదో ఆట అనుకున్నాను.

చీటీ అంటించినవాడు ఆ కొండపల్లె కుర్రవాడే. మొదట నాకు మండింది. ఒక పళ్ళెం కడిగితే వాడి సొమ్మేం పోయింది, నోటితో చెప్పకుండా చీటీలేమిటి అనుకున్నాను. జర్మన్లు చల్లటి మనుషులని ఊరికే అనరని స్నేహితుడికి ఫోను చేసి మరీ చెప్పాను. ఇప్పుడు తలుచుకుంటే, ఆ ‘నీదా?’ కంటే మర్యాదైన ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. నాది అంటే నేను కడగాలి, నాది కాకపోతే వదిలేయవచ్చు, అంతే. మా ఇంట్లో అయితే ఆ ప్రశ్న పుట్టేదే కాదు. నాన్న పళ్ళెం, నా పళ్ళెం, తాతయ్య పళ్ళెం, అన్నీ సింకులో పడగానే అమ్మవి అయిపోయేవి.

రెండో వారం చెత్త నా వంతు. నాలుగు డబ్బాలు. ప్యాకింగు సామాను పసుపు దాంట్లో, కాగితం నీలం దాంట్లో, కూరగాయ తొక్కలు గోధుమరంగు దాంట్లో, మిగిలిందంతా నల్ల దాంట్లో. గాజు సీసాలను రంగులవారీగా వీధి చివరి డబ్బాల్లో వేయాలి, అదీ రాత్రిళ్ళూ ఆదివారాలూ కాకుండా, చప్పుడవుతుంది కాబట్టి. నీళ్ళ సీసా కొంటే పాతిక సెంట్లు ఎక్కువ తీసుకుని, ఖాళీ సీసా తిరిగి ఇస్తే ఆ పాతిక తిరిగి ఇస్తారు. ఇదంతా చదివి నవ్వుకునేవాళ్ళు ఉంటారు, నేనూ నవ్వాను. ఖమ్మంలో చెత్త అంటే తలుపు బయట పెట్టే బకెట్టు. పొద్దున్నే పాట పెట్టుకుని మున్సిపాలిటీ ఆటో వస్తుంది. బకెట్టులో తడీ పొడీ, పగిలిన గాజూ నిన్నటి పప్పూ అన్నీ కలిసే ఉంటాయి. వాటిని విడదీయాల్సినవాళ్ళు మరెక్కడో, మరెవరో, చేతులతో విడదీస్తారు. కెమ్నిట్స్‌లో మొదటిసారి పెరుగు డబ్బా కడిగి, మూత వేరు చేసి పసుపు డబ్బాలో వేస్తున్నప్పుడు, నా చెత్తను నేను చూడటం అదే మొదలు అని తోచింది.

మూడో వారం స్నానాలగది.

దీని గురించి రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. టాయిలెట్ కడిగే బ్రష్షు ఎటువైపు నుంచి పట్టుకోవాలో కూడా తెలియని ఇంజనీరింగు పట్టభద్రుణ్ణి నేను. అమ్మకు వీడియో కాల్ చేశాను. “టాయిలెట్ ఎలా కడుగుతారమ్మా?” అని అడిగితే ఆమె కాసేపు మాట్లాడలేదు. తరవాత “అక్కడ దానికి మనిషి ఉండరా?” అంది. ఆ వెంటనే కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. నేను చెగోడీలు తిని పడుకున్నానని చెప్పినప్పుడు కూడా ఏడవని మనిషి.

మా ఇంటికి ఆ పనికి నెలకు రెండుసార్లు ఒకాయన వచ్చేవాడు. పెరటి తలుపు గుండా వచ్చి, పెరటి తలుపు గుండా వెళ్ళేవాడు. ఆయన పేరు నాకు తెలియదు. కులం తెలుసు. గిన్నెలు తోమడానికి రోజూ పొద్దున ఆరున్నరకు వచ్చే ఆమె మా అమ్మ కంటే పెద్దది. ఆమెను నేను ‘నువ్వు’ అనే పిలిచేవాణ్ణి, ఆమె టీ గ్లాసు కిటికీ గట్టు మీద విడిగా ఉండేది. వీటిలో ఏదీ మా ఇంట్లో దాచిపెట్టిన సంగతి కాదు. గోడకు వేసిన రంగులా రోజూ కనబడేది, అందుకే కనబడేది కాదు. బ్రష్షు పట్టుకోవడం నాకు రాకపోవడం యాదృచ్ఛికం కాదనీ, నాకు రాకుండా ఉండేలా ఒక ఏర్పాటు తరాలుగా నడుస్తూ వచ్చిందనీ అర్థం కావడానికి నేను ఏడువేల కిలోమీటర్లు రావలసి వచ్చింది. ఇదేమీ గర్వంగా చెప్పుకునే సంగతి కాదు. ఖమ్మంలోనే అర్థం అయి ఉండాల్సింది.

మళ్ళీ ఆదివారం దగ్గరికి వస్తాను, నన్ను ఎక్కువ ఆలోచనలో పడేసింది అదే. ఇక్కడ దుకాణాలు మూయడం వ్యాపారుల ఇష్టం మీద జరిగేది కాదు. 1919 నాటి వైమార్ రాజ్యాంగంలో 139వ అధికరణం ఆదివారాన్నీ గుర్తింపు ఉన్న పండుగ రోజులనూ పని నుంచి విశ్రాంతికి, మనసు ఉన్నతికి కేటాయించి చట్టరక్షణ ఇచ్చింది. ఇప్పటి రాజ్యాంగంలోని 140వ అధికరణం దాన్ని ఉన్నదున్నట్టు తనలో కలుపుకుంది. చర్చికి వెళ్ళేవాళ్ళు తగ్గిపోయిన ఈ తూర్పు ప్రాంతంలో కూడా ఆదివారం వీధి నిశ్శబ్దంగా ఉంటుంది. మొదట్లో ఆ నిశ్శబ్దం నన్ను తినేసేది. ఆదివారం అంటే మా ఇంట్లో సందడి కదా. పొద్దున గారెలు, మధ్యాహ్నం కోడికూర, బగారా అన్నం, నాన్న స్నేహితులు, క్రికెట్, సాయంత్రం పకోడీ. ఒక ఆదివారం కిటికీ దగ్గర కూర్చుని ఆ సందడిని ఒక్కొక్కటిగా గుర్తు చేసుకుంటుంటే, ఆ మొత్తం బొమ్మలో ఎక్కడా కూర్చుని లేని మనిషి ఒకరు కనబడ్డారు. వారంలో అమ్మకు అన్నిటికంటే ఎక్కువ పని పడేది ఆదివారమే. అమ్మకు ఏ అధికరణమూ వర్తించలేదు.

2024 వేసవిలో ఒక రెస్టారెంటు వంటింట్లో గిన్నెలు కడిగే పనికి కుదిరాను. విద్యార్థులు ఏడాదికి 120 పూర్తి రోజులే పని చేయాలన్న పరిమితిని ఆ మార్చిలోనే 140కి పెంచారు. గంటకు 12.41 యూరోలు, ఆ ఏడాది చట్టం నిర్ణయించిన కనీస వేతనం. రెస్టారెంటులో పని అని ఇంట్లో చెప్పాను. అమ్మ దాన్ని ‘పార్ట్ టైమ్ ఉద్యోగం’ అని బంధువులకు చెప్పింది. ఖమ్మం చేరేసరికి నేను మేనేజరును అయిపోయాను. నేనూ సరిదిద్దలేదు. ఆరు గంటలు నిలబడి పళ్ళేలు కడిగి, అరచేతులు నానిపోయి, నడుము పట్టేసి ట్రాములో కూలబడిన మొదటి రాత్రి ఒక లెక్క వేశాను. మా అమ్మ రోజుకు ఎంత తక్కువ చూసుకున్నా ఆరు గంటలు ఇంటి పని చేస్తుంది. ఆరు గంటలకు 74.46. ముప్పై రోజులకు, సెలవు లేదు కాబట్టి ముప్పై రోజులూ, 2,233 యూరోల 80 సెంట్లు. నాన్న అప్పు చేసి నాకోసం బంధించిన సొమ్ములోంచి నెలనెలా వదిలే 934కు రెండింతలకు పైనే.

ఈ లెక్క నా తెలుగు స్నేహితులకు చెబితే గొడవ అయింది. “అమ్మ ప్రేమకు రేటు కడతావా?” అన్నాడు ఒకడు, నిజంగా బాధపడి. వాడి మాట కొట్టిపారేయలేను. అమ్మ మా కోసం ఇష్టంగా చేసింది, ఎవరూ కర్ర పట్టుకుని నిలబడలేదు. కానీ నాన్న కూడా ఇష్టంగానే అప్పు చేశారు. అది మాత్రం ప్రేమ అయినా సరే రూపాయల్లోనే చెప్పుకుంటాం, పది లక్షలు అని గుండ్రంగా చెప్పుకుంటాం. నాన్న ప్రేమకు అంకె ఉండవచ్చు, అమ్మ ప్రేమకు ఉండకూడదు. ఇడ్లీ పిండి రుబ్బడం, గిన్నె అడుగు మాడితే గీకడం, చొక్కా కాలరు రుద్దడం ప్రేమలు కావు, పనులు. వాటిని ప్రేమ ఖాతాలో రాసేస్తే అందరికంటే హాయి నాకే. బాకీ తీర్చనక్కరలేదు, బెంగ పెట్టుకుంటే చాలు.

గొడవ పెట్టుకున్న స్నేహితుడికి జవాబు నేను కాదు, అంతకుముందు ఏడాది దీపావళి చెప్పింది. 2023లో పండుగ నవంబరు 12, ఆదివారం. వసతిగృహంలోని తెలుగువాళ్ళం పాతిక మందిమి ఒక పెద్ద వంటగదిలో కలిశాం. మగపిల్లలం స్పీకర్లు తెచ్చాం, కూల్‌డ్రింకులు తెచ్చాం, బల్లలు జరిపాం. ఐదుగురు అమ్మాయిలు మధ్యాహ్నం నుంచి పొయ్యి దగ్గర ఉన్నారు. ఎవరూ వాళ్ళను వండమని అడగలేదు, ఎవరూ వద్దనీ అనలేదు. తినడం అయ్యాక సింకు నిండిపోయింది. అప్పుడు వాళ్ళలో ఒకమ్మాయి చేతులు తుడుచుకుంటూ, గొంతు పెంచకుండా, “మీరేమో మాస్టర్స్ చేయడానికి వచ్చారు, మేము వంటకు వచ్చామా?” అంది. పాట ఆపేశారు. సగంమంది నవ్వారు. నేను నవ్వినవాళ్ళలో ఉన్నాను. తరవాత నలుగురం లేచి గిన్నెలు కడిగాం, ఒక్కొక్కరు ఏదో ఘనకార్యం చేస్తున్నట్టు ఫోటోలు కూడా దిగాం. ఇంటి పనుల్లో మన అమ్మాయిలకు ఇక్కడ మొదటి రోజులు పెద్దగా ఇబ్బంది పెట్టవు, గమనించారా? వాళ్ళకు చలి కొత్త, భాష కొత్త. సింకు కొత్త కాదు.

ఇదంతా చదివి జర్మనీలో సమానత్వం వెల్లివిరుస్తోందని నేను అంటున్నట్టు తీసుకోవద్దు. నాకు బియ్యం అమ్మిన దుకాణం కథ చెబుతాను. అది ఒక వియత్నాం పెద్దావిడది. సోనా మసూరి దొరకదు, మల్లెబియ్యం దొరుకుతుంది, కొత్తిమీర దొరుకుతుంది, అదృష్టం బాగుంటే బెండకాయలు. తూర్పు జర్మనీ ఊళ్ళలో ఇలాంటి వియత్నాం కొట్లు ఇన్ని ఎందుకున్నాయో మొదట్లో నాకు అంతుపట్టలేదు. 1980లో అప్పటి తూర్పు జర్మనీ వియత్నాంతో ఒప్పందం చేసుకుని కార్మికులను రప్పించింది. అంతకు ఏడాది ముందు మొజాంబిక్‌తో అలాంటిదే చేసుకుంది. వాళ్ళను ఫ్యాక్టరీల్లో పనికి పెట్టి విడి వసతిగృహాల్లో ఉంచారు. ఆడవాళ్ళు గర్భం దాల్చితే తీయించుకోవాలి, లేదా తిరిగి వెళ్ళిపోవాలి అన్న రోజులు కూడా నడిచాయి. బెర్లిన్ గోడ కూలిపోయి ఫ్యాక్టరీలు మూతపడ్డాక మిగిలినవాళ్ళలో చాలామంది కూరగాయలో, బట్టలో, నూడుల్సో అమ్ముకుని నిలదొక్కుకున్నారు. కార్మిక రాజ్యం అని పేరు పెట్టుకున్న దేశం కూడా కొన్ని పనులకు బయటి చేతులనే పిలిపించుకుంది. ఇప్పుడు నేను పళ్ళేలు కడిగిన వంటింట్లో జర్మన్ మాట్లాడింది ఒక్క యజమానే. 2018 ఆగస్టులో ఈ ఊళ్ళో విదేశీయుల మీద జరిగిన అల్లర్ల వీడియోలు మా అమ్మ చూసేసింది. నెలరోజులు చీకటి పడ్డాక బయటికి వెళ్ళనివ్వలేదు. నవంబరులో ఇక్కడ నాలుగున్నరకే చీకటి పడుతుందని ఆమెకు చెప్పలేదు.

ఈ ఊరున్న సాక్సనీ రాష్ట్రంలో ఒక పాత సామెత ఉంది. కష్టం కెమ్నిట్స్‌ది, బేరం లైప్‌జిగ్‌ది, జల్సా డ్రెస్డెన్‌ది అని దాని సారం. బట్టల మిల్లులూ యంత్రాల కర్మాగారాలతో కెమ్నిట్స్‌కు సాక్సనీ మాంచెస్టర్ అని పేరుండేది. ఇంకో పేరు కూడా ఉండేది. 1953 నుంచి 1990 వరకు ఈ ఊరు కార్ల్‌మార్క్స్‌స్టాట్. మార్క్స్ ఇక్కడ పుట్టిందీ లేదు, పెరిగిందీ లేదు. 1990లో ఓటింగు పెడితే నాలుగింట మూడు వంతుల మంది పాత పేరే కావాలన్నారు. పేరు పోయింది కానీ మార్క్స్ తల పోలేదు. సోవియట్ శిల్పి లెవ్ కెర్బెల్ చేసిన కంచు తల, ఏడు మీటర్లకు పైగా ఎత్తు, 1971లో ఊరి నడిబొడ్డున పెట్టారు. వెనక గోడ మీద ‘ప్రపంచ కార్మికులారా ఏకం కండి’ అని నాలుగు భాషల్లో చెక్కి ఉంటుంది. స్థానికులు ముద్దుగా ‘నిషెల్’ అంటారు; వాళ్ళ యాసలో తలకాయ అని.

ఈ తల నాకు ఊరికే ముఖ్యం కాలేదు. మా తాతయ్య పాతకాలపు కమ్యూనిస్టు సానుభూతిపరుడు. ఖమ్మంలో అలాంటి ఇళ్ళు వీధికి రెండు ఉండేవి. మా పాత ఇంటి హాల్లో మార్క్స్ గడ్డం ఫోటో ఇప్పటికీ ఉంది, పక్కన వెంకటేశ్వరస్వామి క్యాలెండరు ఉన్నా సరే. కామ్రేడ్లు వచ్చేవారు, శ్రమ గురించీ మిగులు విలువ గురించీ అర్ధరాత్రి దాకా మాట్లాడుకునేవారు. నాయనమ్మ టీ పెట్టి తెచ్చేది, గ్లాసులు ఎత్తి తీసుకెళ్ళేది, మళ్ళీ పెట్టి తెచ్చేది. ఈ దృశ్యం నాకు మధురస్మృతిగానే ఉండేది.

కెమ్నిట్స్‌కు వచ్చిన మూడో వారంలో ఒక రోజు, చలికి ముక్కు ఎర్రబడిపోతుంటే, ఆ తల ముందు నిలబడి తాతయ్యకు వీడియో కాల్ చేశాను. ఆయన కళ్ళజోడు సవరించుకుని, గోడ మీది అక్షరాలు చూపించమని, జర్మన్‌లో ఎలా పలుకుతారో రెండుసార్లు చెప్పించుకుని, ఒక చేయి పైకెత్తి పిడికిలి బిగించారు. ఎనభై ఏళ్ళ మనిషి గొంతు పూడుకుపోయింది. నాకూ కళ్ళు చెమ్మగిల్లాయి. వెనకనుంచి నాయనమ్మ తొంగి చూసింది.

“ఎవరది, మన హాల్లో ఫోటో ఆయనేనా?”

“అవును నాయనమ్మా.”

“తల ఒక్కటే పెట్టారేం? చేతులేవి?”

తాతయ్య విసుక్కున్నారు. “నీకేం తెలుసే, అది శిల్పం” అన్నారు. ఆమె అప్పటికే వెళ్ళిపోయింది, పొయ్యి మీద ఏదో ఉందట. ఆ రోజు నాకూ నవ్వే వచ్చింది. సరిగ్గా ఆ వారమే స్నానాలగది నా వంతు అని మాత్రం వాళ్ళకు చెప్పలేదు.

పోయిన వేసవిలో చదువు ముగించుకుని, ఉద్యోగం వెతుక్కునే వీసా చేతిలో పట్టుకుని నెలరోజులకు ఇంటికి వెళ్ళాను. ఈ వ్యాసంలో రాసిందంతా అప్పటికే మనసులో తయారుగా ఉంది. మొదటి రోజు తినడం అవగానే పళ్ళెం తీసుకుని సింకు దగ్గరికి వెళ్ళాను. అమ్మ పరుగున వచ్చి చేతిలోంచి లాక్కుంది. “నాలుగు రోజులు ఉండడానికి వచ్చినవాడివి, నీకెందుకు నాన్నా ఇవన్నీ?” అంది. నేను వాదించాను. పుట్స్‌ప్లాన్ గురించి చెప్పాను, అట్టముక్కల చక్రం గీసి చూపించాను. నాన్న నవ్వారు. అమ్మ చక్రాన్ని శ్రద్ధగా చూసి, “ఇందులో నా పేరు ఒక్కటే రాస్తే తిప్పే పనే ఉండదు” అంది. ఆ కాగితాన్ని మడిచి ఫ్రిజ్ మీద పెట్టింది. రెండో రోజు నేనే గెలిచాను, పళ్ళెం కడిగాను. ఆమె దాన్ని మళ్ళీ కడిగింది, నురగ పోలేదని.

మూడో రోజు మధ్యాహ్నం గోంగూర పప్పు, వడియాలు. భుక్తాయాసంతో లేచి, చేయి కడుక్కుని, మంచం మీద నడుం వాల్చాక చాలాసేపటికి గుర్తొచ్చింది, పళ్ళెం సింకులో పెట్టి వచ్చానని. వంటింట్లోంచి నీళ్ళ చప్పుడు వినబడుతోంది. ఫ్యాను కింద చల్లగా ఉంది. లేవలేదు.